బొట్టు పెట్టి ఇచ్చిన చీర

"బొట్టు జర పెద్దగ పెట్టక్కా. పోయినసారి వీడియోల కనపడనే లేదు."

మగ్గం గుంట అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న దశరథం పల్లీలు ఒలుస్తూ అన్నాడు. పొట్టు మగ్గం మీది పడుగు దారాల మీద రాలుతోంది. నోటితో ఊదుతున్నాడు, మళ్లీ ఒలుస్తున్నాడు.

కుంకుమ భరిణె పట్టుకుని లలితమ్మ నిలబడిపోయింది. పక్కన ఇత్తడి పళ్లెంలో చీర ఉంది. కనకాంబరం రంగు నూలు చీర, దానికి ముదురాకుపచ్చ పట్టు అంచు. నిన్న పొద్దు గుంకే ముందు ఆమే మగ్గం మీంచి కోసింది.

"రంగు మంచిగుంది. పోయిన నెలది ఉమకు నప్పలే."

"నప్పకుంటే వాపసు తేవల్సింది."

"ఓ అక్కా! పెట్టిన చీర వాపసు ఇస్తరా ఎవరన్న? ఇంటికి అచ్చొస్తదా?" నవ్వాడు. పంటి సందులో పల్లీ ముక్క ఇరుక్కుని ఉంది. దాన్ని చిటికెన వేలి గోరుతో తీసి, ఆ వేలు పళ్లెంలోని చీర కొంగుకే తుడిచాడు.

లలితమ్మ పళ్లెం తన వైపు లాక్కుంది.

వీణ్ని ఆమె చంకనేసుకుని మోసింది. పెద్దనాయన కొడుకైనా సొంత తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకుంది. ఎక్కడైనా పుట్టింటివాడు ఆడబిడ్డకు చీర తెస్తాడు. వనపర్తిలో చీరల బేరం చేసుకునే ఈ పుట్టింటివాడు మాత్రం నెలనెలా గద్వాల బస్సెక్కి వచ్చి అక్క దగ్గర చీర తీసుకుపోతాడు. ఊరికే తీసుకోడు. పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, బొట్టు పెట్టించుకుని, పసుపు రాయించుకుని, అదంతా ఫోనులో వీడియో తీయించి మరీ తీసుకుంటాడు.

"ఉమ యాడ వొయింది?" అడిగింది.

"వాడ చివర ఎవరో ఎరికైనోళ్లు ఉన్నరంట, పలకరిచ్చొస్తనన్నది. మంచిదే. నీతోని ఒక మాట ఉంది." దశరథం చేతులు దులుపుకున్నాడు. "ఇయ్యాల మాసయ్య దేవుని నూలు తెస్తుండు కద?"

తెస్తున్నాడని వీడికి తెలుసు. అందుకే ఈ పూటే వచ్చాడు.

గుట్ట మీది సామికి ఏటా పంచె నేసే వంతు ఈ ఇంటిది. లలితమ్మ భర్త బాలకిష్టయ్య తాత నాటి నుంచి వస్తున్న వంతు. సంఘం పెద్ద మాసయ్య నూలు కట్టను తల మీద పెట్టుకుని గంట కొట్టుకుంటూ వస్తాడు. గడప అవతల నిలబడి, ఇంట్లో మైల ఏమీ లేదు కదా అని అడుగుతాడు. లేదంటేనే నూలు దింపుతాడు. అడిగే మాట ఒకటే, చెప్పే జవాబూ ఒకటే. కానీ ఆ జవాబు మీదే ఈ వాడలో ఇంటి పరువు నిలబడి ఉంటుంది.

"వంతు మళ్ల మీకే వచ్చిందంటే నా పుణ్యమే గద అక్కా. నేను నోరు మూసుకోవట్టే కద." దశరథం గొంతు తగ్గించాడు. "ఇంగ నెలకు ఒక్క చీరతోని నాకు అయితలేదు. గా కిటికీ పక్క మగ్గముంది సూడు. అది ఇంగ నాదనుకో. నువ్వే నెయ్యి, నేను వచ్చి తీస్కపోత."

"అది నా మగ్గంరా."

"నీది కాదని ఎవరన్నరు? నెయ్యవోయేది నువ్వే కద." మళ్లీ నవ్వాడు. "మాసయ్య వచ్చేలోపట బావను అడిగి చెప్పు. నేను ఛాయ్ తాగుకుంట కూసుంట. చక్కెర జర ఎక్కువెయ్యమను భవ్యను."

---

వంటింట్లో కూతురు భవ్యశ్రీ ఛాయ్ గిన్నె ముందు పళ్లు కొరుకుతూ నిలబడి ఉంది. గోడ అవతలి మాటలన్నీ విన్నది.

"విషం గిట్ల ఉంటే ఎయ్యాలనిపిస్తుంది."

"నోర్ముయ్యే. మామ."

"ఏం మామ? దొంగకంటే హీనం. దొంగ మనం సూడనప్పుడు తీస్కపోతడు. ఈయన మనల్ని భయపెట్టి మన చేత్తోనే ఇప్పిచ్చుకుంటుండు. ఇది నేరమమ్మా. మా వకీల్ సాబ్ దగ్గర గిసుంటి కేసు నేనే టైపు చేసిన."

కోర్టు దగ్గర వకీలు ఆఫీసులో పనికి కుదిరినప్పటి నుంచి పిల్ల ఇలాగే మాట్లాడుతోంది. లలితమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"వాడు చెప్తనంటున్నది అబద్ధం కాదు కదనే. జరిగిందే కద."

"నిజమైతేంది? నిజం చెప్పుడు తప్పు గాదు. చెప్పకుండ ఉంటందుకు చీర గుంజుడు తప్పు."

"గుంజలేదు కద. నేనే ఇచ్చిన. నవ్వుకుంట ఇచ్చిన. అన్ని వీడియోలున్నయి."

"అందుకే తీపిస్తుండు! రేపు ఎవరన్న అడిగితే, మా అక్క ప్రేమతోని పెట్టిందని చూపియ్యనీకె. భయంతోని ఇచ్చింది ఇష్టంతోని ఇచ్చినట్టు కాదమ్మా. స్టేషన్‌ల గదే చెప్పాలె మనం."

"చెప్తే?"

"చెప్తే..." భవ్యశ్రీ గరిటె పక్కన పెట్టింది. "దేనికి భయపడిన్రు అని అడుగుతరు."

ఛాయ్ పొంగి గిన్నె అంచు దాటి పొయ్యి మీద చిమ్మింది. ఎవరూ దించలేదు.

దేనికి భయపడ్డారో ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు, బయట కూర్చున్న నాలుగోవాడికీ తెలుసు. పోయిన ఏడు బాలకిష్టయ్య దేవుని పంచె నేస్తుండగా నాగర్‌కర్నూల్ దవాఖానాలో ఆయన అన్న బుచ్చన్న ప్రాణం పోయింది. అన్న చనిపోతే తమ్ముడికి మైల. మైలపడ్డవాడు ఆ పంచెను తాకకూడదు. తాకితే అది దేవుడికి పనికిరాదు. కబురు చెవిన పడిన క్షణం నుంచే మైల మొదలు. అందుకే పంచె సంఘానికి అప్పగించిన తర్వాతనే తనకు కబురు తెలిసిందని బాలకిష్టయ్య అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. అయ్యో, అన్న చివరి చూపు కూడా దక్కలేదే అని జాలిపడ్డారు.

కానీ ఆ పొద్దే ఫోను చేసి కబురు చెప్పినవాడు దశరథం. వాడి ఫోనులో ప్రతి మాటా దానంతటదే రికార్డయి ఉంటుంది.

---

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన బాలకిష్టయ్య బండ మీద కూర్చుని ఉన్నాడు. నూలు దింపే పూట కనుక తెల్లారకముందే స్నానం చేసి కొత్త పంచె కట్టుకున్నాడు. చూపు మాత్రం గోడ మీద పాకుతున్న చీమల బారు మీద ఉంది.

"మగ్గం అడుగుతుండు," అంది లలితమ్మ.

"విన్న."

"ఏం చెప్పాలె?"

చీమల మీంచి చూపు తిప్పకుండానే, "ఇయ్యరాదే," అన్నాడు.

"ఏమన్నవ్?"

"ఇయ్యమంటున్న. వాని నోరు మూతపడని."

"మూతపడతదా? మొదట ఒక్కటే చీర అన్నడు. ఆ తర్వాత నెలకొకటి అన్నడు. ఇయ్యాల మగ్గం. రేపు ఈ ఇల్లే అడుగుతడు, నేను బొట్టు పెట్టి తాళంచెవి ఇయ్యాల్నా?"

"నేను ఎవరి కోసం చేసిన లలితా? పంచెకు ఇంగ రెండు మూరలే ఉండె. మగ్గం మీంచి లేస్తే దాన్ని తీసి కృష్ణానదిల కలుపుతుండ్రి. పండుగ పూట సామి పంచె లేకుండ నిలబడుతుండె."

"సామి కోసమే చేస్తే సామితోని చెప్పుకో. మాసన్నతోని చెప్పు. గా లంగనాకొడుకుకు ఎందుకు భయపడాలె మనం?"

బాలకిష్టయ్య ఒక చీమను వేలితో దారి మళ్లించాడు.

ఆమె ఆగలేకపోయింది. నెలల తరబడి గొంతులో అడ్డం పడి ఉన్నది బయటికి వచ్చేసింది.

"సొంత అన్న పోతే తల మీద చెంబెడు నీళ్లు పోసుకోలే నువ్వు. చావు కబురు వింటే వాకిలూడ్చేది గూడ కట్టుబట్టలతోని తల మీద నీళ్లు పోసుకుంటది. నువ్వు తెల్లారి గడ్డం గీక్కొని మళ్ల మగ్గమెక్కినవ్. సామి కోసమంటవ్. సామి కోసం కాదయ్యా, వంతు కోసం. వంతు పోతదని."

మాట నోరు దాటిన తర్వాత నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

బాలకిష్టయ్య ఆమె వైపు చూశాడు. "నేనంటే నీకు అసయ్యమైతుందా?"

"నీ మీద కాదు." చేతులు చాపి చూపింది. వేళ్ల కొసలకు కుంకుమ అంటి ఉంది. "వీటి మీద. వానికి చీర ఇచ్చినప్పుడల్ల సబ్బు పెట్టి కడుగుత. అన్నం కలపబుద్ధి గాదు. మగ్గం మీద కూసుంటే, ఇది ఎవరి ఒంటి మీదికి పోతదో అనుకోకుండ ఒక్క పోగు వెయ్యలేకపోతున్న."

చీమల బారు గోడ ఎక్కి అవతలికి దిగిపోయింది.

ముందరింట్లోంచి ఉమ గొంతు వినిపించింది. "వదినే! లోపలున్నవా?"

---

దశరథం అప్పటికే పీటలు వాల్చాడు. మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చోవాలి, అదే వాడి పద్ధతి. లలితమ్మ మొదటిసారి పెట్టిన చీరే ఉమ కట్టుకుని ఉంది, నీలం మీద జొన్నకంకి అంచు. ఆ అంచు నేయడానికి తను ఎంత అవస్థ పడిందో లలితమ్మకు గుర్తుంది. దాన్ని ఈమె ఒంటి మీద చూసిన ప్రతిసారీ ఒళ్లు కంపరమెత్తుతుంది. మొగుడు దోచుకొస్తుంటే కట్టుకుని ఊరేగే ఆడది.

"భవ్యా, అత్త ఫోన్ తీస్కో. నువ్వైతే చెయ్యి వణక్కుండ తీస్తవ్," అన్నాడు దశరథం. తర్వాత అక్క వైపు తిరిగి, ఉమకు వినపడకుండా పెదవులు కదిపాడు. "బావ ఏమన్నడు?"

"చెప్త," అంది లలితమ్మ.

వంగి ఉమకు బొట్టు పెట్టింది. పెద్దగా పెట్టింది. ఉమ కళ్లు మూసుకుని, కొంగు రెండు చేతులతో పట్టుకుని చాపింది. పళ్లెం ఎత్తిన లలితమ్మ ఆగింది.

"నడుస్తుందానే భవ్యా?"

"నడుస్తుందమ్మా."

"నా మొకం పడుతుందా?"

"పడుతుంది."

"అయితే వినుండ్రి. నేను లలితమ్మను. ఈ చీర నేను ఇష్టంతోని పెడతలేను. ఇప్పటిదాంక పెట్టినవన్ని గూడ ఇష్టంతోని పెట్టినవి కావు. మా ఆయన పోయినేడు ఒక తప్పు చేసిండు. ఆ సంగతి బయట పెడతనని బెదిరిచ్చి ఈ దశరథం నెలనెల..."

"ఏయ్!" దశరథం పీట మీంచి లేవబోయి తూలాడు. బాసింపట్టు వేసుకున్న కాలు తిమ్మిరెక్కింది. "బంద్ చెయ్! బంద్ చెయ్యవే పిల్లా!"

భవ్యశ్రీ గోడకు ఆనుకుంది. దశరథం చెయ్యి ఫోను మీదికి పోయింది. కానీ అంతకన్నా ముందు ఉమ లేచింది. పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని గుండెకు అదుముకుంది.

"నా ఫోన్," అంది. "నా ఫోన్ ముట్టకు."

దశరథం చెయ్యి గాల్లోనే ఆగింది.

"వదినే, ఏందిది?" ఉమ లలితమ్మ వైపు తిరిగింది. "బెదిరిచ్చుడేంది?"

"నీకు తెల్వదా?" లలితమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆమెకే చేదుగా తగిలింది. "తెల్వకనే కట్టుకొని వచ్చినవా?"

"నాకు పుట్టిల్లు లేదని పెడుతున్నవనుకున్న." ఉమ కళ్లు నిండాయి. "మా అక్క నిన్ను బిడ్డ లెక్క సూసుకుంటదని చెప్పిండు ఈయన. ఇంటికి పోంగనే భద్రంగ పెడతనని నా చేతులకెల్లి తీస్కునేటోడు. నాకు ఈ ఒక్కటే ఇచ్చిండు. తక్కినయి పండుగలకు కట్టుకుందువులే అన్నడు." మొగుడి వైపు తిరిగింది. "తక్కినయి యాడున్నయి?"

దశరథం చూపు వాకిలి వైపు తిప్పుకున్నాడు.

అమ్మేశాడు. లలితమ్మకు అప్పుడు తెలిసింది. తను బొట్టు పెట్టి, పసుపు రాసి, ఒడిలో వేసిన చీరలు వనపర్తిలో ఏ దుకాణం అద్దాల వెనక వేలాడాయో. భార్యకైనా ఒక్కటి తప్ప ఇవ్వలేదు వీడు. ఇన్నాళ్లూ తను అసహ్యించుకోవాల్సింది వీణ్ని ఒక్కణ్నే. ఆ అసహ్యంలో సగం ఏమీ తెలియని ఆడదాని మీదికి పోయిందని ఇప్పుడు సిగ్గేసింది.

దూరంగా గంట మోగింది. వాడ మూల తిరిగిన చప్పుడు.

ఆ చప్పుడుతో దశరథానికి ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి తన ఫోను తీశాడు.

"అయిందా అక్కా? నాటకం ఆడినవ్. మస్తు ఆడినవ్. ఇప్పుడు జెప్పు. మాసయ్య వస్తుండు. మగ్గం ఇస్తవా, మాసయ్యకు ఇది వినిపియ్యనా?"

"వినిపియ్యి," అంది లలితమ్మ.

"పరాష్కం అనుకుంటున్నవా? నిజంగనే వినిపిస్త."

"వినిపియ్యిరా."

వాడు నొక్కాడు. గొంతు పెంచాడు. పెరట్లోకి కూడా వినపడాలని పెంచాడు.

"బావా, నేను దశరథాన్ని. నాగర్‌కర్నూల్ దవాఖానల ఉన్న." ఫోనులోని వాడి గొంతులో అప్పుడు నిజంగానే ఏడుపు ఉంది. "బుచ్చన్న పోయిండు బావా. ఇప్పుడే. నీ పేరే పలవరిచ్చుకుంట పోయిండు."

అటువైపు మగ్గం చప్పుడు. టక్. టక్. ఆగింది. ఎంతసేపు ఆగిందో. గాలి ఒక్కటే వినిపించింది. తర్వాత బాలకిష్టయ్య గొంతు, బావిలోంచి వచ్చినట్టు.

"ఎవ్వరికి చెప్పకు దశరథం. నేను వినలే అనుకో."

మళ్లీ మగ్గం. టక్. టక్.

భవ్యశ్రీ చెవులు మూసుకుంది. లలితమ్మ మూసుకోలేదు. ఈ రికార్డు ఉందని వినడమే తప్ప ఆమె దీన్ని ఎన్నడూ వినలేదు. బుచ్చన్న చివరిగా తమ్ముడి పేరు పలికాడని కూడా ఆమెకు ఇప్పుడే తెలిసింది. భర్త ఒక్కసారీ చెప్పలేదు.

దశరథం గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. "చాలా? ఇంగోసారి వెయ్యాల్నా?"

అప్పుడు పెరట్లోంచి వినిపించింది ఆ చప్పుడు. తొట్టిలో చెంబు మునిగింది. నీళ్లు భళ్లున పడ్డాయి. మళ్లీ మునిగింది. మళ్లీ పడ్డాయి.

లలితమ్మ చేతిలోని పళ్లెం కిందికి జారింది. చీర గచ్చు మీద పరుచుకుంది. ఆ చప్పుడేమిటో ఆమెకు తెలుసు. ఏడాది ఆలస్యంగా వినిపించింది, అంతే.

బాలకిష్టయ్య ఇంట్లోంచి నడుచుకుంటూ వచ్చాడు. కొత్త పంచె ఒంటికి అతుక్కుపోయి ఉంది. నెత్తి మీంచి నీళ్లు కారి గచ్చంతా తడుస్తోంది. దశరథం వైపు చూడలేదు. మగ్గాల మధ్యగా గడప దాకా వెళ్లి నిలబడ్డాడు.

గంట సరిగ్గా వాకిట్లో ఆగింది. నూలు కట్ట తల మీద పెట్టుకున్న మాసయ్య, వెనక సంఘం వాళ్లు ఇద్దరు. మాసయ్య నవ్వు మొహంతో వచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆ నవ్వు ఆగిపోయింది. ప్రతి ఏడూ అడిగే మాట నోటి దాకా వచ్చి మరో మాటగా మారింది. కట్టుబట్టలతో తడిసి నిలబడినవాణ్ని ఈ వాడలో ఎవరైనా అడిగేది ఒకటే.

"ఎవరు పోయిన్రు బాలకిష్టా?"

"మా అన్న పోయిండే మాసన్నా."

"బుచ్చన్ననా?" మాసయ్య తికమకపడ్డాడు. "ఆయన పోయినేడే పోయిండు కదనే. పంచె మాకు ఇచ్చినంక గద నీకు కబురు తెలిసింది?"

బాలకిష్టయ్య మొహం మీది నీళ్లు తుడుచుకోలేదు.

"నూలు దింపకు," అన్నాడు. "ముందుగాల నా మాట విను."

మాసయ్య చేతులు కట్ట మీద బిగుసుకున్నాయి. దింపలేదు, వెనక్కీ తిరగలేదు. వెనక ఉన్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

లోపల దశరథం మెల్లగా పెరటి తలుపు వైపు జరుగుతున్నాడు. ఉమ అడ్డంగా వచ్చి నిలబడింది. చేతిలోని ఫోను వైపు చూసుకుంది. లాక్కున్న తొందరలో భవ్యశ్రీ గానీ తను గానీ వీడియో ఆపలేదు. మగ్గం ఇస్తవా, వినిపియ్యనా అన్న మాట అందులోకి పోయింది. మూలన ఎర్ర చుక్క ఇంకా వెలుగుతోంది.

"బంద్ చెయ్ ఉమా," అన్నాడు దశరథం. మొట్టమొదటిసారి బతిమాలుతున్న గొంతుతో.

ఉమ బంద్ చెయ్యలేదు.